మా నాన్నెవరో తెలీదన్నాను

మా రిక్షా తాతకి ఒక అలవాటు ఉండేది. అశోక్‌నగర్‌లో మా ఇంటి ముందు నన్ను దించి, నా చెయ్యి అమ్మ చేతిలో పెట్టి, "పట్టుకున్నరా అమ్మా?" అని అడిగేవాడు. అమ్మ "పట్టుకున్నాను" అని పైకి అంటే గానీ వదిలేవాడు కాదు. "కన్యాదానం చేస్తున్నాడే తల్లీ!" అని పక్కింటి పిన్నిగారు పగలబడి నవ్వేవారు. నవ్వితే నవ్వనీ! పాలమూరు నుంచి వచ్చిన ఆ ముసలాయన ఎనిమిదిమంది పిల్లల్ని ఎక్కించుకుని నారాయణగూడలోని బడిదాకా తొక్కేవాడు. సీటు మీద నలుగురం, ఎదురు చెక్క మీద నలుగురు. జారిపడకుండా తన తువ్వాలు అడ్డంగా కట్టి రెండు ముళ్లు వేసేవాడు.

అరవై తొమ్మిదిలో నేను రెండో తరగతి. ఊళ్లో ప్రత్యేక రాష్ట్రం కోసం గొడవలు. ఏ పూట బడి మూస్తారో ఎవరికీ తెలియదు. "నా చేతికి తప్ప, దేవుడే దిగొచ్చినా పిల్లనివ్వకు" అని అమ్మ తాతకి గట్టిగా చెప్పింది.

నాన్నది క్యాంపుల ఉద్యోగం. ఇంట్లో కంటే జిల్లాల్లోనే ఎక్కువ ఉండేవాడు. కొత్తగా కుదిరిన తాత ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు పొద్దున్నే నాన్న క్యాంపు నుంచి వచ్చాడు, వట్టి చేతులతో. నిర్మల్ బొమ్మ తెస్తానని నాకు మాటిచ్చి మరిచిపోయాడు. నాకసలే ముక్కు మీద కోపం. పలకరించినా పలకలేదు. ఆయన స్నానానికి వెళ్లగానే మూతి ముడుచుకుని రిక్షా ఎక్కేశాను.

మధ్యాహ్నం కాకముందే బడి వదిలేశారు. మిగతా పిల్లల్ని దించేసి తాతా నేనూ చిక్కడపల్లి చేరేసరికి దుకాణాలు టపటపా మూసేస్తున్నారు. ఎదురుగా నాన్న, దాదాపు పరిగెత్తుతూ వస్తున్నాడు. గొడవ సంగతి చెవిన పడగానే, అమ్మ ఏదో చెబుతున్నా వినకుండా ఇంట్లోంచి బయటపడ్డాడట.

"ఆపవయ్యా! మా అమ్మాయి. దించు, నేను తీసుకెళ్తాను."

తాత రిక్షా దిగి, తువ్వాలు ముడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మీరెవరో నాకెరుక లేదు సార్. ఎవ్వరికీ ఇయ్యొద్దని అమ్మ చెప్పింది." నా వైపు తిరిగాడు. "జర చెప్పు బిడ్డా, ఈయన మీ నాయనేనా?"

నాన్న నన్ను చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. బొమ్మ తేలేదు గానీ నవ్వొకటా!

"కాదు. ఈయనెవరో నాకు తెలీదు" అన్నాను.

తాత గొంతెత్తి అరిచాడు. "అన్నా! ఓ అన్నా! జర ఇటు రాండ్రి! పిల్లను ఎత్తుకపోనీకొచ్చిండు!"

దుకాణాలు మూస్తున్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒకతను నాన్న కాలర్ పట్టుకున్నాడు. "ఎవడ్రా నువ్వు? ఏ ఊరు నీది?"

"అయ్యా, ఒక్క మాట వినండి, అది నా కూతురండీ" అంటున్నాడు నాన్న. ఆ కోస్తా యాస విని ఇంకొకతను మీదికొచ్చాడు. చొక్కా జేబు చిరిగింది. కళ్లజోడు కింద పడింది. అది లేకపోతే నాన్నకి ఎదుటి మనిషి కూడా సరిగ్గా కనిపించడు. నేను ఎటున్నానో తెలియక, వేరే వైపు చూస్తూ నన్ను పేరు పెట్టి పిలిచాడు.

నా కోపం ఎటుపోయిందో! "మా నాన్నే! కొట్టకండి! మా నాన్నే!" అని గొంతు చించుకుంటూ, తువ్వాలు కిందనుంచి దూరి దూకేశాను.

అందరూ ఆగిపోయారు. కాలర్ పట్టుకున్నతనే కళ్లజోడు తీసి, తుడిచి ఇచ్చాడు. "ఏంది పాపా, గట్లంటరా ఎవరన్నా?" అని నన్ను కోప్పడి వెళ్లాడు. తాత నాన్నకి చేతులు జోడించాడు. "తప్పయింది సార్. నా పొట్ట మీద కొట్టకుండ్రి."

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పేముందయ్యా? నువ్వు ఇచ్చేసి ఉంటేనే రేపటి నుంచి నా పిల్లని నీతో పంపేవాణ్ణి కాదు."

ఇంటికొచ్చాక అమ్మ చిరిగిన జేబు చూసి గాభరా పడింది. "మేకు పట్టుకుందిలే" అన్నాడు నాన్న. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. అన్నాలయ్యాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అమ్మకి వినపడకుండా అన్నాడు: "ఇకమీదట అన్నేసి రోజులు క్యాంపులో ఉండనమ్మా. సరేనా?"

నేను నిజంగానే తన మొహం మరిచిపోయాననుకున్నాడు, పిచ్చి నాన్న. కోపంతో అన్నానని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.