ఆరో నంబరు బండికి ఏమైంది

సుబేదార్ పెద్దిరాజు గారికి చక్రాలున్న ఏ వస్తువు మీదా నమ్మకం లేదు. జేబులో ఎప్పుడూ ఓ సుద్దముక్క ఉంటుంది. బండి కనపడితే చాలు, చుట్టూ మూడుసార్లు తిరిగి, కింద దూరి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచి, తలుపు మీద వీఓఆర్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసేస్తారు. మిలిటరీ భాషలో దానర్థం ఈ బండి రోడ్డెక్కడానికి వీల్లేదని. ఇక రాసినాయనే తుడవాలి.

ఆ సుద్దముక్క డ్యూటీ దిగాక కూడా ఊరుకోదు, అదీ మా ఖర్మ. పోయినేడు మా అమ్మాయి అనూహ్యకి కొత్త స్కూటీ కొన్నాను. స్వీటు తిందురుగాని రండి అని పిలిస్తే, స్వీటు నోట్లో పెట్టుకునే లోపే ఆయన స్కూటీ పక్కన నేల మీద పడుకుని ఉన్నారు.

"వెనక బ్రేకు వట్టిదేనండీ" అంటూ రాసేశారు.

"అంకుల్, బస్ మార్కెట్ తక్ హీ జానా హై" అంది మా పిల్ల, మార్కెట్ దాకానేగా వెళ్ళేది అని.

"మార్కెట్ దారిలో లారీలు తిరగవేంటమ్మా?"

నాలుగు రోజులు మా పిల్ల మెట్రోలో తిరిగింది, నాతో మాట్లాడకుండా.

ఇక్కడే ఢిల్లీలో, ద్వారకా కాలనీలో మనవాళ్ళ పెళ్ళి సంగతి ఇంకా ఘోరం. పెళ్ళికొడుకు కారు నిండా పూలు. ఈయన పట్టుపంచెతోనే కింద దూరి ముందు టైరు అరిగిందని తేల్చారు. చివరికి పెళ్ళికొడుకు ఈ-రిక్షాలో మండపానికి చేరాడు, అదీ మూడు ఈ-రిక్షాలు పరీక్షలో తప్పి నాలుగోది పాసయ్యాక. పెద్దిరాజు గారి భార్య కాంతమ్మ గారు నిదానంగా అన్నారు, "నన్ను అత్తారింటికి పల్లకీలో పంపారు కాబట్టి సరిపోయింది. చక్రాలుంటే ఇప్పటికీ పుట్టింట్లోనే ఉండేదాన్ని."

ఇంతకీ నా సంగతి చెప్పలేదు. నా పేరు సదాశివరావు. ఢిల్లీ కంటోన్మెంట్‌లో, పెద్దిరాజు గారి వర్క్‌షాపులోనే స్టోర్స్ గుమాస్తాని. యూనిఫాం లేని మనిషిని, పరుగెత్తే అలవాటు లేని మనిషిని, తొంభై కిలోల మనిషిని. కొండల మీద ఉన్న యూనిట్లకి వెళ్ళే బండ్లన్నీ మా దగ్గరే తయారవుతాయి. వాటికి నట్లూ బోల్టులూ ఇవ్వడం నా పని, తిట్లు తినడం అదనం.

మొన్న అక్టోబరులో ఎనిమిది ట్రక్కులు శుక్రవారం పొద్దున్నే లదాఖ్ వైపు బయల్దేరాలి. పైన ఒక యూనిట్‌కి చలికి బ్యాటరీలు చచ్చిపోయి బండ్లు లేవడం లేదు. అందులో ఒకటి అంబులెన్సు. కొత్త బ్యాటరీలన్నీ ఆరో నంబరు ట్రక్కులో సర్దాం. మంచు పడి దారి మూసుకుపోయిందంటే మళ్ళీ ఎండాకాలం దాకా ఎవరూ పైకి పోలేరు. సోమవారం పొద్దున వెళ్ళి చూద్దును గదా, ఆరో నంబరు తలుపు మీద ఆ మూడక్షరాలు.

"ఏమైందండీ దీనికి?"

"స్టీరింగ్‌లో ఆట ఉంది, వదులుగా తిరుగుతోంది."

మంగళవారం స్టీరింగ్ విప్పి చూశారు. సూది దూరేంత ఆట కూడా లేదు. "అయితే బ్రేకు లాగుతోందండీ" అన్నారు. నేను రెండు మెట్రోలు మారి, కశ్మీరీ గేట్ సందుల్లో జనం మధ్య నలిగి బ్రేకు సామాను పట్టుకొచ్చాను. ఆయన దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"ఇది కాదులెండి. ఏదో శబ్దం వస్తోంది."

"ఎక్కణ్ణించి?"

"అదే వెతుకుతున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇటు మా పై ఆఫీసరు మేజర్ సాబ్ అరగంటకోసారి ఫోను. "సదాశివరావ్, ఛే నంబర్ కా క్యా హువా?" ఆరో నంబరు ఏమైందని. శబ్దం సార్ అంటాను. అటునుంచి "ఠీక్ హై" అని ఫోను ఠపీమని పెట్టేస్తాడు. అంత కోపం ఉన్న మనిషి ఆ సుద్దగీతలు తుడిపించెయ్యొచ్చు కదా, నా ప్రాణం తియ్యకపోతే అనుకున్నాను.

బుధవారం రోడ్ టెస్ట్‌కి నేనూ వస్తానన్నాను. ఆ శబ్దమేదో నా చెవులతో వినాలి. ముందర చోటు లేదన్నారు పెద్దిరాజు గారు. నేను మొండికేసి వెనక ఎక్కాను. ఎక్కాను అనడం గొప్పకి, ఇద్దరు జవాన్లు కింద నుంచి నెట్టారు. డ్రైవరు సాయినాథ్ మన పలాస కుర్రాడు. కొండ దారుల్లో వాడంత చెయ్యి తిరిగిన డ్రైవరు లేడని పేరు.

బ్యాటరీ పెట్టెల మధ్య కూర్చుని, డ్రైవరు క్యాబిన్ వైపున్న చిన్న కిటికీకి చెవి ఆనించాను. బండిలో శబ్దం లేదు, నా ఎముకల్లో తప్ప. ధౌలా కువా దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాం. దిగుడు మొదలవగానే బండి నడక కంటే నెమ్మదైపోయింది. వెనక కార్లవాళ్ళు ఢిల్లీలో ఉన్న తిట్లన్నీ తిట్టారు, వెనక కూర్చున్నది నేను కాబట్టి అన్నీ నాకే తగిలాయి.

అప్పుడు సాయినాథ్ గొంతు వినపడింది. "కాళ్ళు వణుకుతున్నాయి సార్."

"వణకనీరా. కాలు బ్రేకు మీదుంటే చాలు" అన్నారు పక్కనున్న పెద్దిరాజు గారు.

వాళ్ళ మాటల్ని బట్టి నాకు సంగతి తెలిసింది. పోయినసారి పైకెళ్ళినప్పుడు దిగుడులో మంచు మీద వీడి ట్రక్కు జారిందట. ముందు చక్రం గాల్లో ఉండగా ఆగిందట. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ ఏమీ రాయలేదు. కానీ అప్పట్నుంచీ దిగుడు చూస్తే వీడికి చెమటలు, కళ్ళు మూస్తే ఆ లోయే. బయటికి చెబితే డ్రైవరుగా పనికిరాడని కాగితాల్లో పడుతుంది.

మేము ఆ ఫ్లైఓవర్ పదకొండుసార్లు దిగాం. లెక్క నా నడుముకి తెలుసు. పెద్దిరాజు గారు ధైర్యం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "మీ మావయ్యకి జీడితోట ఉందన్నావు, ఎప్పుడైనా గుప్పెడు పప్పు పెట్టాడా?" అని అడిగారు. సాయినాథ్ మొదట పొడిపొడిగా మాట్లాడాడు. తొమ్మిదోసారికి మావయ్య పిసినారితనం మీద వాడికి ఎంత కోపం వచ్చిందంటే, కాలు వణకడం మానేసి బండి మామూలుగా దిగిపోయింది.

వర్క్‌షాపుకి తిరిగొచ్చాక ఆయన్ని పక్కకి లాగాను. "బండికి ఏమీ లేదు కదండీ?"

"ఏముంటుందండీ, శుభ్రంగా ఉంది."

"మరి అలా రాసేశారేంటి?"

"బండి మీద రాసింది తుడిస్తే పోతుంది సదాశివరావు గారూ. వాడి కాగితాల మీద రాస్తే పోదు." సుద్దముక్క జేబులో వేసుకుంటూ మళ్ళీ ఆయనే అన్నారు, "రేపు కూడా తిప్పుతాను. రేపటికీ వణికితే వాడికి సెలవిప్పించి ఇంకో డ్రైవర్ని ఎక్కిస్తా. బ్యాటరీలు మాత్రం ఆగవు."

నాకు సిగ్గేసింది. మూడు రోజులుగా ఆయన్ని మనసులో తిట్టినవన్నీ గుర్తొచ్చాయి. గురువారం కూడా వెనక ఎక్కాను, ఈసారి దిండు తెచ్చుకుని. ఆ రోజు పద్నాలుగుసార్లు దిగాం. ఆఖరి నాలుగుసార్లు పెద్దిరాజు గారు బండిలో లేరు, రోడ్డు పక్కన నిలబడి టీ తాగుతున్నారు. సాయినాథ్ ఒక్కడే నడిపాడు. దించేటప్పుడు ఈలపాట కూడా వినపడింది. సాయంత్రం సుద్దగీతలు తుడిచేశారు, శుక్రవారం ఎనిమిది బండ్లూ వెళ్ళాయి. ఆరో రోజున కబురొచ్చింది. అన్నీ చేరాయి, అంబులెన్సు లేచింది, సాయినాథ్ సుబ్బరంగా నిద్రపోతున్నాడు.

మర్నాడు మేజర్ సాబ్ రిపేరు రిజిస్టరు తెమ్మన్నాడు. అందులో ఆరో నంబరు వరస ఖాళీగా వదిలాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క దొంగ రాత రాసినవాణ్ణి కాను.

"డిఫెక్ట్ క్యా థా?" అన్నాడు.

"లూజ్ కనెక్షన్ సార్."

"ఏ పార్టు వేశారు?"

"ఏదీ లేదు సార్." చొక్కా తడిసిపోయింది.

మేజర్ సాబ్ పెన్ను కింద పెట్టాడు. "నేను కెప్టెన్‌గా పైన ఉన్నప్పుడు నా జిప్సీ జీపుని ఈ పెద్దిరాజే తొమ్మిది రోజులు ఆపేశాడు. ఇంజన్‌లో ఏదో శబ్దం వస్తోందన్నాడు" అన్నాడు హిందీలో.

"ఏమైంది సార్ ఇంజన్‌కి?"

"ఇంజన్‌కి ఏమీ కాలేదు."

సంతకం పెట్టి, రిజిస్టరు నా వైపు తోశాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు.

"సదాశివరావ్, మధ్యాహ్నం కొత్త కారు తెస్తున్నాను. పెద్దిరాజు కంటపడకుండా ఎక్కడ పెట్టాలో చూడు."