ట్రాన్సెండెంటలిజం హోంవర్క్

అమెరికాలో, ఫ్రిస్కోలో పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆ ఏడాది అమెరికన్ లిటరేచర్ వచ్చింది. నాకు తెలిసిన చదువు ఒకటే, ఎంసెట్‌కి బిట్లు బట్టీ పట్టడం. రొమాంటిసిజం తర్వాత ఏ ఉద్యమం, ఉన్నదున్నట్టు రాసే రియలిజం ఎందుకొచ్చింది, మోడర్నిజం ఏ యుద్ధం తర్వాత అంటూ స్కూలుకి దింపేటప్పుడు కార్‌లోనే అప్పజెప్పించుకునేదాన్ని. అది గడగడా చెబుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ట్రాన్సెండెంటలిజం దగ్గర చిక్కొచ్చింది. మనిషి గుంపును వదిలి ప్రకృతిలో ఒంటరిగా ఉంటే తన లోపలి మాట తనకు వినిపిస్తుందని నమ్మినవాళ్ల ఉద్యమమట అది. దానికి బట్టీ పనికిరాదని టీచరు ఒక హోంవర్క్ ఇచ్చింది. ఫోన్ లేకుండా, ఎవరి తోడూ లేకుండా గంటసేపు ఆరుబయట కూర్చుని, అనిపించింది రాయాలి.

మా కమ్యూనిటీ వెనక చిన్న కొలను ఉంది. నడిచే దూరమే అయినా కార్‌లో తీసుకెళ్లాను. సన్‌స్క్రీన్ రాసి, నీళ్ల సీసా, డబ్బాలో పులిహోర చేతికిచ్చాను. అది బెంచీ మీద కూర్చుంది. నేను పార్కింగ్‌లో ఏసీ వేసుకుని కూర్చున్నాను. అది చెట్టు చాటుకు జరిగితే నేను కారు కాస్త ముందుకు పోనిచ్చాను.

లేచి వచ్చేసింది.

"అమ్మా, అలోన్ అంటే అలోన్! పాండ్ చూస్తుంటే నువ్వే కనిపిస్తున్నావ్. ఇది రాస్తే రియలిజం అవుతుంది."

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. "నీ మంచికేగా ఉన్నాను?" అన్నాను.

"తెలుసు అమ్మా. వన్ అవర్, ప్లీజ్. నేనే వాక్ చేసి వచ్చేస్తా."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్కుల కోసం ఎప్పుడూ అలా బతిమాలలేదు. ఆ గంట దానికి నిజంగానే కావాలి.

కారు తిప్పుకుని ఇంటికొచ్చాను. బియ్యం కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను. కిటికీ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో నాకే తెలియదు. భయమేసింది, చెప్పడానికి సిగ్గేముంది?

చివరికి నడిచొచ్చింది. బూట్లకు మట్టి అంటింది, ముఖం ఎండకు కందిపోయింది, పులిహోర డబ్బా ఖాళీ అయింది.

"ఏమనిపించిందే?" అన్నాను, పాఠం అప్పజెప్పించుకునే గొంతుతోనే.

అది డబ్బా సింకులో పెట్టి, నవ్వి, "ఏమనిపించిందో అది నాది అమ్మా" అంది.

మర్నాడు కార్‌లో నేను ఏ ఇజమూ అప్పజెప్పమనలేదు.