హీటర్‌కి అందని డీజిల్

సజ్జా పారిశ్రామికవాడలోని గ్యారేజీలో పోచన్న హీటర్ పైపు ఊదగానే, అందులో మిగిలిన డీజిల్ శ్యాంప్రసాద్ తెల్లచొక్కా మీద ఏడు చుక్కలుగా పడింది. రువైస్ నుంచి బ్రేకుల పనికి తెచ్చిన ఆయన క్యారవాన్‌లో, బండి ట్యాంకు డీజిల్‌తోనే నడిచే హీటర్ వెలగడం లేదు. పంపు, ఫిల్టర్ విప్పినా లోపం దొరకలేదు. చివరికి డీజిల్ మీటరు చూశాక పోచన్న ముఖం మాడిపోయింది. బండికి డీజిల్ మిగలాలని హీటర్ పైపును ట్యాంకు అడుగుదాకా దించరు. నిన్న విప్పిన బ్రేకు సామాన్లు కడగడానికి, గ్యారేజీ అలవాటు ప్రకారం, ఆ ట్యాంకులోంచి బకెట్ నిండా తోడి, డీజిల్‌ను ఆ పైపు మూతి కిందికి దించింది తనే. పంపు పోయిందని చెబితే ఇరవై ఏళ్లుగా తెచ్చుకున్న ఉస్తాద్, అంటే పెద్ద మెకానిక్, అన్న పేరు నిలుస్తుంది.

“నీకు అప్పజెప్పేదాకా బానే వెలిగింది గదయ్యా పోచన్నా! పంపు గానీ పోయిందా ఏంటి?” అన్నాడు శ్యాంప్రసాద్.

“పంపు మంచిగనే ఉన్నది సార్, దాని నోటికాడి డీజిల్ నేనే గుంజుకున్న.”