ట్రాయ్ ఆంటీ తరఫున షికాగోకి

మిషిగన్‌లో మేముండే ట్రాయ్ నుంచి షికాగోకి కార్లో వెళ్తే ఐదు గంటలు. ఇన్నేళ్ళూ అలాగే వెళ్ళొచ్చాం. ఈసారి మాత్రం రైలెక్కాను. టికెట్లు డిసెంబర్‌లోనే సుగుణ బుక్ చేసింది, ఇద్దరికీ. ఫిబ్రవరిలో సుగుణ పోయింది. తన టికెట్ క్యాన్సిల్ చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, చేయకుండానే లేచేవాణ్ణి.

ప్రయాణం దేనికో ముందే చెప్పాలి. జపాన్‌లో హనాకాగో అని ఒక ఆడపిల్లల పాటల గ్రూపు ఉంది. హనాకాగో అంటే పూలబుట్ట. పదిహేనేళ్ళ పైబడి నడుస్తోంది. పిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్ళకి చేరతారు, ఇరవై దాటాక బయటికి వెళ్తారు. వెళ్ళడాన్ని గ్రాడ్యుయేషన్ అంటారు. మొదట్లో ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మా అపార్ట్‌మెంట్ పక్కవాటాలో హిరోకో అని ఒకావిడ ఉండేది, భర్త కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. సుగుణ ఆవిడకి పెసరట్టు నేర్పింది, ఆవిడ సుగుణకి ఈ గ్రూపుని అంటించింది. మూడేళ్ళకి వాళ్ళు జపాన్ వెళ్ళిపోయారు. డీవీడీలు మా ఇంట్లో మిగిలాయి.

తర్వాత సుగుణ అమెరికన్ పిల్లలు నడిపే ఒక ఫ్యాన్ ఫోరంలో చేరింది. అక్కడ తన పేరు ట్రాయ్ ఆంటీ. ఇరవై నుంచి నలభై ఏళ్ళ దాకా ఉన్నవాళ్ళందరికీ తను ఆంటీ, నేను అంకుల్. మే నెలలో షికాగోలో జరిగే జపాన్ కార్టూన్ల అభిమానుల జాతరలో హనాకాగో కాన్సర్ట్ ఉందనీ, అక్కడ అందరం కలుద్దామనీ వాళ్ళు పెట్టుకున్న ప్లాన్ అది. ఫిబ్రవరి తర్వాత కూడా ఫోరంలో "ఆంటీ, ఎక్కడున్నారు?" అని రాస్తూనే ఉన్నారు. నేను చదివేవాణ్ణి. జవాబు రాయబోయి ఆగిపోయేవాణ్ణి. అక్కడ ఎవరి అసలు పేరూ నాకు తెలీదు. ఎవరికి చెబుతున్నానో తెలియకుండా చావు కబురు ఎలా రాయడం? ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట అనిపించింది.

అలా 2013 మే నెలలో ఒక శనివారం పొద్దున్న ఆరింటికి బర్మింగ్‌హామ్ స్టేషన్లో నిలబడ్డాను. ట్రాయ్ పక్కనే. స్టేషన్ అంటే బిల్డింగ్ ఏమీ లేదు, ఒక ప్లాట్‌ఫాం, చలిగాలి ఆపడానికి చిన్న షెల్టరు. టికెట్ ఇంట్లోనే ప్రింట్ చేసుకు రావాలి. మంచినీళ్ళు కూడా అక్కడ దొరకవు. నేను నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను. ఉప్పు చాల్లేదు.

రైలు పావుగంట ఆలస్యంగా వచ్చింది. సీట్లు వెడల్పు, కాళ్ళు చాపుకోవచ్చు. డెట్రాయిట్ దాటేదాకా పాడుబడ్డ ఫ్యాక్టరీలు, తర్వాత చెట్లు. ఆన్ ఆర్బర్‌లో ఒక తెలుగమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. వరంగల్‌ట, ఎం.ఎస్. చేస్తోందట. నా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ లైటు కర్రని చూసింది. కాన్సర్ట్‌లో ఊపడానికి సుగుణ కొనుక్కున్నది అది.

"ఇదేంది అంకుల్, టార్చ్ లైటా?"

చెప్పాను. నవ్వు ఆపుకోడానికి చాలా కష్టపడింది పాపం.

"ఆ జపాన్ పిల్లల గ్రూపా? నా రూమ్మేట్ చూస్తది. మీ బిడ్డ ఫ్యానా?"

"మా ఆవిడ."

"అబ్బ, ఆంటీ మస్తు ఉన్నరే. ఆంటీ రాలేదా మరి?"

"రాలేదు," అన్నాను.

అంతకంటే రాలేదు నోట్లోంచి. తెలుగులో, మన పిల్ల దగ్గర కూడా ఆ మాట రాకపోతే అక్కడికెళ్ళి ఇంగ్లీషులో ఏం చెబుతానని భయం పట్టుకుంది. కాలమజూ దాటాక పులిహోర తీసి ఆ అమ్మాయికి సగం పెట్టాను. బాగుందంది. ఇండియానాలో గూడ్సు రైళ్ళకి దారివ్వడానికి రెండుచోట్ల ఆపేశారు. షికాగో యూనియన్ స్టేషన్లో దిగేసరికి పదకొండు. అక్కడి టైము మనకంటే గంట వెనక, వాచీ సరిచేసుకోవాలి.

స్టేషన్ నుంచి క్లింటన్ స్ట్రీట్ దాకా నడిచి, బ్లూ లైన్ రైలెక్కి ముప్పావుగంటలో జాతర జరిగే రోజ్‌మాంట్‌లో దిగాను. ఏ ఊరివాళ్ళైనా ఇక్కడ దారి తప్పరు. రంగురంగుల విగ్గులు పెట్టుకుని, అట్టతో చేసిన కత్తులు పట్టుకున్న పిల్లలు వేలమంది ఒకే వైపు నడుస్తుంటారు, వాళ్ళ వెనక నడిస్తే చాలు. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఇన్‌షర్టు వేసుకుని ఆ గుంపులో నడిచాను. ఎవరూ వింతగా చూడలేదు.

ఒంటిగంటకి కన్వెన్షన్ సెంటర్ రెండో అంతస్తులో ఫుడ్ కోర్ట్ పక్కన కలవాలి. సుగుణ ఫోరంలో మా ఫోటోలు పెట్టేది కాబోలు, నేను వాళ్ళని గుర్తుపట్టే లోపే వాళ్ళే గుర్తుపట్టారు.

"అంకుల్!" అని గట్టిగా పిలిచి ఒక భారీ మనిషి లేచాడు. గుండెలదాకా గడ్డం. టోనీ, మిల్వాకీలో స్కూల్ బస్సు డ్రైవరు. పక్కన మెలిస్సా, ఇండియానాలో పశువుల ఆస్పత్రిలో పని చేస్తుంది. ఇంకో నలుగురైదుగురున్నారు. ఒక కుర్చీ మీద ఎవరూ కూర్చోకుండా చొక్కా కప్పి ఉంచారు.

"ఆంటీ ఏరి? లైన్లో ఉన్నారా?" అంది మెలిస్సా.

"చెబుతాను, కూర్చోండి," అన్నాను.

కూర్చున్నారు కానీ నేను చెప్పేలోగా మళ్ళీ వాళ్ళ కబుర్లు మొదలయ్యాయి. జోకులన్నీ ఆ గ్రూపు మీదే. జపాన్ నుంచి టీషర్టు ఆర్డర్ చేస్తే అది ఇల్లు చేరేలోపు దానిమీద బొమ్మ ఉన్న పిల్ల గ్రాడ్యుయేట్ అయిపోతుందట. ఈ ఏడాది డ్రెస్సులు ఎవరింటి కర్టెన్లో చింపి కుట్టారట. ఇవాళ్టి కాన్సర్ట్ తర్వాత లీడరు గ్రూపు వదిలేస్తోంది, ఏడాదిగా వీడ్కోలు చెబుతూనే ఉందని టోనీ వెక్కిరించాడు. అంతలో పక్క టేబుల్ కుర్రాడొకడు వీళ్ళ చొక్కాల మీద హనాకాగో బ్యాడ్జీలు చూసి, "ఈ గ్రూపు ఇంకా బతికే ఉందా? అందరూ మారిపోయాక అదే గ్రూపెలా అవుతుంది?" అన్నాడు.

ఒక్కసారిగా అందరూ వాడి మీద పడ్డారు. మన పిల్లని మనం ఏమైనా అనుకోవచ్చు, పక్కింటివాడు అంటే ఊరుకుంటామా? అలా ఉంది. కొత్త పిల్లలు పాత పాటలు ఎంత బాగా పాడతారో మెలిస్సా వేళ్ళు మడిచి మరీ చెప్పింది. చివరికి టోనీ, "బుట్ట అన్నాక పూలు మారవా? మా ఆంటీ చెప్పింది," అన్నాడు. ఆ కుర్రాడు నవ్వి ప్లేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

నా భార్య మాట ఒక అమెరికన్ గడ్డపాయన నోట్లో వినడం ఎలా ఉంటుందో చెప్పలేను.

మెలిస్సా తన సంచిలోంచి ఒక ఊదారంగు తువ్వాలు తీసింది. కాన్సర్ట్‌లో మెడలో వేసుకునేది. గ్రూపులో ఒక్కో పిల్లకీ ఒక్కో రంగు, ఆంటీకి ఇష్టమైన పిల్లది ఊదా. చివర్న ఇంగ్లీషులో ఆంటీ అని తనే దారంతో కుట్టింది. "ఆంటీ వచ్చేదాకా ఆగలేను అంకుల్, మీరైనా చూడండి," అని నా చేతిలో పెట్టింది.

ఇక ఆగడం కుదరదనిపించింది. లేచి నిలబడ్డాను. దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన మాటే అన్నాను.

"సుగుణ ఈజ్ నో మోర్."

మన ఇంగ్లీషులో అలాగే అంటాం. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినా ఆ మాట వాళ్ళకి అర్థం కాదని నాకు తెలీదు. అందరూ నా మొహంలోకి చూశారు, ఇంకా ఏదో చెబుతానని.

"నో మోర్ వాట్?" అన్నాడు టోనీ. నేను మాట్లాడకపోతే తనే పూరించుకున్నాడు. "ఫ్యాన్ కాదా ఇక? ఆంటీ కూడా గ్రాడ్యుయేట్ అయిపోయిందా? లాస్ట్ కాన్సర్ట్ అయినా పెట్టకుండా?"

అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలీదు. నవ్వు ఆగాక, "కాదు బాబూ. షి డైడ్. ఫిబ్రవరిలో. క్యాన్సర్," అన్నాను.

మెలిస్సా రెండు చేతులతో నోరు మూసుకుంది. టోనీ కుర్చీ వెనక్కి తోసి ఆ రంగువిగ్గుల గుంపులోకి వెళ్ళిపోయాడు. అంత పెద్ద మనిషి కాసేపటికి కనిపించలేదు. మెలిస్సా వచ్చి నా పక్కన కూర్చుని, తువ్వాలు పట్టుకున్న నా చేతిని పట్టుకుంది. ఎవరో వెళ్ళి నాకు కాఫీ తెచ్చారు. ఎవరూ "ఐ యామ్ సారీ" తప్ప ఇంకేం అనలేకపోయారు. నాకది చాలు.

టోనీ తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహం కడుక్కున్నట్టున్నాడు, గడ్డం తడిగా ఉంది.

"అంకుల్, నేను అన్న మాట..."

"నీ తప్పేం లేదు. ఆ జోకు తను విని ఉంటే నీకంటే ముందు నవ్వేది," అన్నాను. నిజంగానే నవ్వేది.

అప్పుడు టోనీ ఒక సంగతి చెప్పాడు. రెండేళ్ళ కిందట ఫోరంలో ఎవడో, నలభై ఏళ్ళ మగాడివి చిన్నపిల్లల గంతులు చూడ్డానికి సిగ్గులేదా అని తనని ఏడిపించాడట. అప్పటికి టోనీకి కొత్తగా విడాకులయ్యాయి, ఫోరం మానేద్దామనుకున్నాడు. సుగుణ అడ్డం పడి ఇలా రాసిందట: "నాకు యాభై రెండేళ్ళు. మోకాళ్ళు లాగేస్తుంటాయి. వాళ్ళు ఎగురుతుంటే ఆ నొప్పి మర్చిపోతాను. టోనీకి ఏదో నొప్పి ఉండే ఉంటుంది. నీకేమీ నొప్పి లేకపోతే అదృష్టవంతుడివి, వెళ్ళి పడుకో."

టోనీ అది చెబుతూ నవ్వాడు. నేను తల దించుకున్నాను. ఆ లాగడం మోకాళ్ళది కాదని, ఎముకల్లోకి పాకిన జబ్బుదని అప్పటికి మాకు తెలీదు.

కాన్సర్ట్ నాలుగింటికి. జాతర పాస్ చూపిస్తే లోపలికి పంపిస్తారు, ముందొచ్చినవాళ్ళకి ముందు సీట్లు. మూడింటికల్లా లైన్లో ఉండటం మంచిది. మధ్య వరసలో కూర్చున్నాం. నాకూ మెలిస్సాకీ మధ్య ఒక కుర్చీ ఖాళీ ఉంచారు. ఒకాయన వచ్చి కూర్చోవచ్చా అని అడిగితే టోనీ తల అడ్డంగా ఊపాడు, ఆయన వెనక వరసలోకి వెళ్ళాడు.

తొమ్మిదిమంది పిల్లలు. చప్పుడు చెవులు పగిలేలా ఉంది. ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో నాకు తెలీదు, పక్కవాళ్ళు లైటు ఊపితే నేనూ ఊపాను. మూడో పాటప్పుడు నా వెనక ఇద్దరు మగవాళ్ళు, పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రులనుకుంటా, "అంతా రికార్డే, ఊరికే పెదాలు కదుపుతున్నారు," అని నవ్వుకున్నారు.

వెనక్కి తిరిగాను. "ఆ చివర పిల్ల శ్రుతి తప్పింది వినలేదా? రికార్డయితే తప్పులుండవుగా," అన్నాను. సుగుణ నాతో ఇంట్లో వాదించేటప్పుడు అనే మాటే అది. ఆ మాట తను ఫోరంలోనూ రాసేదేమో. మెలిస్సా నా వైపు చూసి, వెంటనే మొహం అటు తిప్పుకుంది.

చివర్లో ఆ లీడరు పిల్ల మైకు పట్టుకుని ఏదో చెప్పింది. ఇంగ్లీషు రాదు, జపాన్ భాషలోనే. చుట్టూ అందరూ ఏడ్చారు. మిగతా ఎనిమిదిమంది ఒక్కొక్కరే వచ్చి ఆమెని వాటేసుకున్నారు. ఆమె చాలాసేపు వంగి నమస్కారం చేసి, లోపలికి వెళ్ళేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. అసూయ కలిగింది. ఆ పిల్లకి అందరికీ చెప్పి వెళ్ళే అవకాశం దొరికింది. ఐసీయూలో చివరి తొమ్మిది రోజులూ సుగుణ గొంతులో ట్యూబుంది. కళ్ళతో ఏదో అడిగేది, నేను నీళ్ళా, దుప్పటా అని అడుగుతూ ఉండేవాణ్ణి. అదేమిటో తెలుసుకోలేకపోయాను.

లైట్లు వేశాక అందరూ వెళ్ళిపోతున్నా మా వరస లేవలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ తువ్వాలు అక్కరకొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం టోనీతో కలిసి బ్లూ లైన్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చాను. అతని మిల్వాకీ రైలూ అక్కణ్ణుంచే. ఇద్దరం సాండ్‌విచ్‌లు తిన్నాం. ఫోరంలో అందరికీ తను రాస్తానన్నాడు. "ఎలా రాయాలో తెలీట్లేదు అంకుల్," అన్నాడు. "నాకూ తెలీలేదు, అందుకే వచ్చాను," అన్నాను. వెళ్ళేముందు వంగి నన్ను కావలించుకున్నాడు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది తక్కువ. రైలు ఆలస్యమవుతుంది, తిండి పట్టుకెళ్ళండి. రోజ్‌మాంట్‌లో హోటళ్ళు ముందే బుక్ చేసుకోండి. హనాకాగో పాటలు నాకు ఇప్పటికీ ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలీదు. సుగుణ పెసరట్టు ఏ పక్క కాల్చాలో గూడా ఆ ఫోరంలో వాదించిందని మాత్రం తెలిసింది. ఇంట్లో పక్క గదిలో కూర్చుని తను ఇంతమందిని కలుపుకుని బతికిందని అక్కడికి వెళ్ళాకే చూశాను.

మిషిగన్ సిటీలో ఒక ముసలావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. బ్యాటిల్ క్రీక్‌లో మనవరాలి ఇంటికట. ఊలు అల్లుకుంటూ, "షికాగో పని మీద వెళ్ళారా?" అని అడిగింది.

"కాదు. మా ఆవిడ వైపు వాళ్ళని చూసొస్తున్నాను."

"పెద్ద కుటుంబమా?"

"పెద్దదే. ఆవిడ చనిపోయిందని చెప్పడానికి వెళ్ళాను."

ఈసారి మాట తడబడలేదు. ఆవిడ అల్లడం ఆపింది. మా ఆవిడ పేరేమిటని అడిగింది. చెప్పాను. ఆవిడకి పలకడం రాలేదు. ఒక్కొక్క అక్షరం పలికి నేర్పాను. నైల్స్ స్టేషన్ వచ్చేసరికి ఆవిడ సరిగ్గా అంటోంది.