నేను రాష్ట్రపతి... మా మల్లిక ప్రధానమంత్రి

మా చిన్నప్పుడు... బడిలో ఉత్తుత్తి పార్లమెంటు పెట్టిన రోజున నా కడుపుమంట వీధి చివరి దాకా కనబడే ఉంటుంది!

ఎనభైల నాటి మాట. తమిళనాడులో ధర్మపురి పక్కన ఇండూరు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేనూ, మా చిన్నాయన కూతురు మల్లికా ఒకే బడి. నాకంటే ఏడాది చిన్నది.

ప్రధానమంత్రి ఎలా వస్తారో ఎంత చెప్పినా మా బుర్రలకు ఎక్కలేదు. సరే, ఆడి చూపిద్దామన్నారు టీచరమ్మ. తరగతికి ఇద్దరు సభ్యులు. మా ఇద్దరికీ సీటు దొరికింది. ప్రధాని పదవి మాత్రం నాదేనని ముందే ఖాయం చేసుకున్నాను... మార్కులు నావి, గొంతు నాది, ఇంకెవరికిస్తారు!

మల్లిక మార్కులు అంతంతమాత్రం. కానీ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక్కో సభ్యుడి పక్కనా చేరింది. నీళ్ల తొట్టి ఒకరికి, తోట ఒకరికి, బడి గంట ఇంకొకరికి... మంత్రి పదవులన్నీ పంచేసింది. సాయంత్రానికి నా వైపు నేనొక్కదాన్నే మిగిలాను.

జాలేసిందేమో, టీచరమ్మ నన్ను రాష్ట్రపతిని చేశారు. హెడ్‌మాస్టరు గారి చేతుల కుర్చీ, దాని మీద పూల టర్కీ టవలు! ప్రధానిని నియమించేది రాష్ట్రపతేనని విన్నాక చూడాలి నా సంబరం... "అయితే మల్లికను పిలవను" అనేశాను.

టీచరమ్మ నవ్వారు. "పిలిచేది నువ్వే. కానీ ఎక్కువమంది సభ్యులు ఎవరి వైపు ఉంటే వాళ్లనే పిలవాలి" అన్నారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే అవ్వ సంగటి ముద్ద పెడుతూ, "పెద్ద కుర్చీ నీదే గదమ్మే, ఇంకా యాల ఏడ్చేది?" అంది. పక్కనే మల్లిక, "అక్కా, నాకు ప్రమాణం బాగా చెప్పించల్ల" అంది. నేను కంచం అవతలికి తోసేశాను.

మర్నాడు ప్రమాణం. రాష్ట్రపతి తమిళంలో "నాన్", అంటే "నేను" అని ఆగిపోవాలి. పేరుతో సహా మిగతాదంతా ప్రధాని చెప్పుకోవాలి. అంత పెద్ద కుర్చీకి ఒక్క మాట!

లేచాను. "నాన్..." అన్నాను. ఆగలేకపోయాను. "...సరోజ" అని నా పేరే వచ్చేసింది. కావాలని కాదు... కడుపులో ఉన్నది నోట్లోకి వచ్చింది. బడంతా గొల్లుమంది.

మల్లిక నవ్వలేదు. దగ్గరికొచ్చి మా ఇంటి తెలుగులో మెల్లగా, "ఏమీ కాలేదులే అక్కా. ఇంకో తూరి చెప్పు, నేను అందుకుంటాను" అంది. చెప్పాను. అందుకుంది... ఒక్క తప్పు లేకుండా. చప్పట్లే చప్పట్లు. తను కూడా నవ్వి ఉంటే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది!

ఆ ఆటలు ఆడించే బడులు ఇప్పుడున్నాయో లేవో... అవ్వ లేదు, ఆ సంగటీ లేదు. మారనిది ఒక్కటే. ఇప్పటికీ ఇంట్లో ఏ శుభకార్యమైనా, పెద్దదాన్నని దీపం వెలిగించడానికి నన్ను పిలుస్తారు. ఎవరు ఏ పని చెయ్యాలో మల్లిక చెబుతుంది.

టీవీలో ప్రమాణ స్వీకారం వస్తే అందరూ ప్రధానినే చూస్తారు. నేను మాత్రం ఎదురుగా నిలబడి ఒక్క మాట అని ఆగిపోయే ఆ మనిషినే చూస్తాను... ఎలా ఆగగలిగారబ్బా అని!

మీ చిన్నప్పుడు మీ కుర్చీ ఎవరు ఎత్తుకుపోయారు? చెప్పండి... ఇన్నేళ్లుగా ఒక్కదాన్నే కుళ్లుకుంటున్నాను.