బురద మీద పరిచిన పలకలు

మార్కాపురంలో పలకల దుకాణం పెట్టుకున్నవాడికి లోకంలో ఏ లోపానికైనా మందు పలకరాయే. మా కరుణాకరం అలాంటివాడు. ఇంటి నేల పలక, ప్రహరీ పలక, చివరికి గొడ్లచావిడి కూడా పలకే. దాని మీద గేదె కాలు జారిపడితే, తప్పు గేదెదే అన్నాడు.

అలాంటివాడి చేతికి సొంతూరి చెరువు వచ్చింది. దొనకొండ దోవలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో, చెరువును నలుగురూ వచ్చి సేదతీరే చోటుగా మార్చాలనీ, చలికాలం దిగే పక్షులకూ చోటు మిగల్చాలనీ పంచాయతీవాళ్ళు అనుకున్నారు. ప్లాను గీసే పని కరుణాకరానికి అప్పజెప్పారు. బాగానే గీశాడు, లేనిమాట ఎందుకు? కట్టవైపు పడవలు, నడకదారి, బెంచీలు. తుంగ పెరిగే అవతలి ఒడ్డు పక్షులకు. పడవలు అటు పోకుండా మధ్యలో తాడు.

చిక్కల్లా ఆ అవతలి ఒడ్డుతోనే. ఎండలకు నీళ్ళు తగ్గేకొద్దీ తేలిన తడిమట్టిని దున్ని దోస విత్తుకోవడం అక్కడివాళ్ళకు తాతల నాటి వాడుక. ఆ దున్నకం ఆగితేనే తుంగ నిలుస్తుంది, తుంగ నిలిస్తేనే పక్షులు నిలుస్తాయి. ముందుగా ఒప్పుకోవలసింది ఓబులమ్మ. మొగుడు పోయాక ఆ దోసపాదులే ఆమెకు ఎండాకాలపు కూడు. కరుణాకరం ఆమె అరుగు మీద కూర్చుని బతిమాలాడు.

"పిట్టలు ఖాయంగా వస్తాయా నాయనా?" అని ఒక్కటే అడిగిందామె.

"నాది పూచీ పెద్దమ్మా."

ఆమె వదులుకుంది. ఆమెను చూసి తక్కినవాళ్ళూ వదులుకున్నారు. దోస లేక ఆ ఎండాకాలం ఆమె కూలికి పోయింది.

చలికాలం వచ్చింది, చెరువును జనానికి తెరిచే రోజు దగ్గరపడింది. అవతలి ఒడ్డున నల్లటి బురద చూసి కరుణాకరం ఉండబట్టలేకపోయాడు. పట్నంవాళ్ళు వచ్చి ముక్కు మూసుకుంటే పరువేం కావాలి? ఎవరినీ అడగకుండా లారీతో పలకలు తెప్పించి, నీళ్ళలోకి దిగేదాకా ఒడ్డంతా పరిపించాడు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

తెరిచిన రోజు మార్కాపురం నుంచి ఆటోలు బారులు తీరాయి. పక్షులు కూడా వచ్చాయి, పైన తిరిగాయి. ఒక కొంగ దిగి, పలక మీద జారి, నిలదొక్కుకుని, ముక్కుతో రాయిని పొడిచి చూసింది. పురుగు లేదు, నత్త లేదు. లేచిపోయింది. దాని వెనకే గుంపంతా పక్క ఊరి కుంటవైపు పోయింది. కరుణాకరానికి అంతా అర్థమైంది. విస్తరేసి పిలిచి, అన్నం మీద మూత బిగించినట్టు చేశాడు.

ఆ తర్వాత వచ్చిన పెద్దమనిషి ఒకాయన, పక్షులేవీ అని అడిగాడు. కరుణాకరం పలకల వంక చూశాడు. జనంలోంచి ఓబులమ్మ అందుకుంది.

"పొద్దున ఒడ్డు నిండా ఉన్నాయి సారూ. ఇంతమందిని చూసి బెదిరి లేచిపోయినాయి. మా కరుణాకరం చేసినాడంటే అట్ల ఇట్ల ఉండదు."

అతనికి చచ్చేంత సిగ్గేసింది. ఆమె తిట్టి ఉంటే తల దించుకుని పడేవాడు. నేల ఇచ్చిన మనిషి, అతని పరువు కాపాడటానికి అబద్ధం కూడా ఇచ్చింది. భోజనాలకు కూడా నిలబడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు గడ్డపార పట్టుకుని వచ్చి, పరిపించిన పలకలు తనే పెకలించడం మొదలుపెట్టాడు. కూలీలను పెట్టలేదు. ఊరు నవ్వింది, నేనూ నవ్వాను. ఓబులమ్మ ఎదురైతే ముఖం తప్పించేవాడు. ఎండాకాలం రాగానే, దోస పెట్టుకోమని ఆమెకు కబురు పంపాడు. ఇచ్చిన నేల పిట్టలదేనని ఆమె తిరుగు కబురు చేసింది.

మళ్ళీ చలికాలానికి పక్షులు దిగాయి. బురదంతా కాళ్ళ గుర్తులే. ఇక తలెత్తుకోవచ్చనిపించి కరుణాకరం తనే వెళ్ళి ఓబులమ్మను పిలుచుకొచ్చాడు. క్షమించమనడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఆమె చాలాసేపు పక్షులను చూసి కళ్ళొత్తుకుంది.

"నేను ఎన్నడూ అబద్ధమాడిందాన్ని కాదు నాయనా. ఆ పొద్దు నుంచి దేవుడి ముందర దీపం పెట్టాలంటే చెయ్యి రాలేదు. ఈ పొద్దు పెడతా."

కరుణాకరం కూర్చుకున్న మాటల్లో దీపం ఊసే లేదు. ఏడాదంతా తన పరువు గురించే కుమిలాడు. ఆమె ఇంట్లో దీపం లేదన్న సంగతి అతనికి తెలియనే తెలియదు.