అబ్బులు నమ్మిన మంట

గాజువాకలో కర్రీ పాయింట్ నడిపే అబ్బులుకి లోకంలో ఎవరన్నా లెక్కలేదు. కాకినాడ నుంచి తను దిగేదాకా ఈ ఊరివాళ్లకి తిండి తినడమే రాదని అతని నమ్మకం. శుభ్రత గురించి ఎవరైనా నోరెత్తితే, "మంటలో పడ్డాక పురుగేంటండీ, దాని బాబైనా చావాల్సిందే!" అని తీసిపారేస్తాడు.

ఆ రోజు అతని బొటనవేలికి చీముగడ్డ లేచింది. దానికి గుడ్డపీలిక చుట్టుకుని, ఉడికిన గుడ్లన్నీ పొద్దున్నే వొలిచి, బేసిన్‌లో వదిలేశాడు. సాయంత్రం ఎర్రగా వేయించి అమ్మాడు. తిన్నవాళ్లంతా రాత్రికి వాంతులతో మంచాలు పట్టారు.

పోర్టులో క్రేన్ నడిపే వరహాలు మర్నాడు నీరసంగా వచ్చాడు. "ఏటి బావా, ఏటెట్టీసినావు మాకు?"

పక్కనే అతని కూతురు దేవిశ్రీ, ల్యాబ్‌లో పనిచేసే పిల్ల. "మీ యేలి సీములో పురుగులు గుడ్ల మీద పెరిగి ఇసం కక్కినాయి మావయ్యా. మంటకి పురుగులు సచ్చిపోనాయి గానీ ఇసం సావనేదు. ఒంట్లో కాపలా కణాలు దాన్ని సూసి, ఒకదాన్నొకటి పిలుసుకుని గగ్గోలెట్టినాయి. ఆ గగ్గోలే నాన్న వాంతులు, వొణుకూను."

అబ్బులు పకపకా నవ్వాడు. "చచ్చినోడికి భయపడి కేకలేస్తాయా అమ్మా నీ కణాలు? ఏం చదువులో!"

అయినా మాట పడ్డాడు కదా, ఆ మధ్యాహ్నమే రెట్టింపు మంట వచ్చే కొత్త పొయ్యి తెచ్చాడు. దాన్ని భగ్గున వెలిగించి, ముందు కూర్చుని గర్వంగా గుడ్లు వొలిచాడు. వేలికి అదే గుడ్డపీలిక.